రెండు మాటలు కలిస్తే కొత్త పదార్థం!

ముందుగా, చదువుకునే రోజుల్లో నేను చేసిన ఒక పొరపాటు చెబుతాను, వినండి.

పల్లెటూరి బడిలో తెలుగు మీడియంలో పదో తరగతి పూర్తిచేసి, దగ్గరి పట్నంలో ఇంటర్మీడియట్‌లో చేరాను. అక్కడ పాఠాలన్నీ ఇంగ్లీషులోనే. మొదటి నెలలోనే రసాయనశాస్త్రంలో ఒక ప్రయోగం ఇచ్చారు. సోడియం కార్బొనేట్ 0.53 గ్రాములు తూచి, స్వేదనజలంలో కరిగించి, ద్రావణం తయారుచెయ్యాలి. అందులోంచి 20 మి.లీ. తీసుకుని, బ్యూరెట్టులో ఉన్న హైడ్రోక్లోరికామ్లంతో అంశమాపనం చెయ్యాలి. ఎలా చెయ్యాలో ఒక కాగితం మీద రాసి గోడకు అంటించారు.

నేను సోడియం కార్బొనేట్‌ను 50 మి.లీ. నీళ్లలో శుభ్రంగా కరిగించాను. తరవాతి వాక్యం ‘మేకప్ టు 100 మి.లీ.’ అని ఉంది. మేకప్ అంటే అప్పటికి నాకు తెలిసింది నాటకాలవాళ్లు ముఖానికి వేసుకునే రంగే! ఇక్కడ రంగుతో పనేమిటి? చాలాసేపు ఆలోచించి, ‘100 మి.లీ. నీళ్లు కలపమంటున్నారు కాబోలు’ అనుకున్నాను. కొలిచి మరీ 100 మి.లీ. నీళ్లు పోశాను. మెడ మీద గీత ఉన్న 100 మి.లీ. ఫ్లాస్కు నా ఎదురుగానే ఉంది. అందులో పట్టకపోయేసరికి, అంతా పెద్ద బీకరులోకి మార్చాను. ఎందుకు పట్టలేదని మాత్రం ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు!

అంశమాపనం మొదలైంది. మా వరసలో అందరికీ 20 మి.లీ. ఆమ్లం దగ్గర రంగు మారింది. నాకు 13 మి.లీ. దాటగానే మారిపోయింది. మళ్లీ చేశాను. మళ్లీ 13 దాటగానే. చెమటలు పట్టాయి.

డిమాన్‌స్ట్రేటరుగారు వచ్చి అడిగారు. “నీళ్లెన్ని పోశావోయ్?”

“వంద మి.లీ. అండీ.”

“కరిగించడానికి పోసిన యాభై కాకుండానా?”

“అవునండీ. కాగితం మీద అలాగే రాసుంది గదండీ!”

ఆయన కోప్పడలేదు. “మేకప్ టు అంటే అంత కలపమని కాదయ్యా. మొత్తం అంతయ్యేవరకు నింపమని” అన్నారు.

లెక్క చూడండి. 100 మి.లీ.లో ఉండవలసిన పదార్థం నా బీకరులో 150 మి.లీ.లో ఉంది. అంటే గాఢత మూడింట రెండు వంతులకు పడిపోయింది. 20 మి.లీ.లో మూడింట రెండు వంతులు 13.3 మి.లీ. నా తప్పు ఎంతో బ్యూరెట్టు కచ్చితంగా చెప్పింది! ఆ రోజు నాకు రసాయనశాస్త్రం రాక తప్పు జరగలేదు. ‘మేక్’ అంటే తెలుసు, ‘అప్’ అంటే తెలుసు. ఆ రెండూ కలిస్తే ఏమవుతుందో తెలియదు. అంతే.

మిశ్రమమా? సంయోగ పదార్థమా?

ఇనుప రజనూ గంధకం పొడీ కలిపితే మిశ్రమం వస్తుందని మీరు చదువుకున్నారు. అందులో ఇనుము ఇనుముగానే ఉంటుంది, గంధకం గంధకంగానే ఉంటుంది. అయస్కాంతం పెడితే ఇనుము విడిపోయి వచ్చేస్తుంది. అదే పొడిని బాగా వేడిచేస్తే ఐరన్ సల్ఫైడ్ అనే సంయోగ పదార్థం ఏర్పడుతుంది. ఇప్పుడు అయస్కాంతం పెట్టినా ఇనుము విడిపోయి రాదు. పాత గుణాలు పోయి కొత్త గుణాలు వచ్చాయి.

ఉప్పు సంగతీ అంతే. సోడియం నీళ్లలో పడితే భగ్గుమనే లోహం. క్లోరిన్ పచ్చటి విషవాయువు. ఈ రెండూ కలిసి ఏర్పడిన సోడియం క్లోరైడును మనం రోజూ పప్పులో వేసుకుని తింటున్నాం. సోడియం గుణాన్నీ క్లోరిన్ గుణాన్నీ ఎంత కూడినా ఉప్పు రుచి రాదు గదా!

ఇంగ్లీషులో మాటలు కూడా ఈ రెండు విధాలుగానూ కలుస్తాయి. ‘కమ్ ఇన్’ అంటే లోపలికి రా. ‘సిట్ డౌన్’ అంటే కింద కూర్చో. ఇవి మిశ్రమాలు. విడివిడిగా అర్థం తెలిస్తే చాలు. ‘గివ్ అప్’ అలా కాదు. ‘గివ్’ అంటే ఇవ్వడం, ‘అప్’ అంటే పైకి. కలిస్తే ‘పైకి ఇవ్వడం’ కాదు, ‘వదులుకోవడం’ లేదా ‘మానుకోవడం’. ఇది సంయోగ పదార్థం!

మరి ఏది మిశ్రమమో, ఏది సంయోగ పదార్థమో తెలుసుకునేదెలా? దీనికీ ఒక అయస్కాంతం ఉంది. మాటమాటకూ అర్థం చెప్పుకుని చూడండి. వాక్యం సబబుగా ఉంటే మిశ్రమం. నవ్వొచ్చేలా ఉన్నా, సందర్భానికి అతకకపోయినా సంయోగ పదార్థం. వెంటనే నిఘంటువు తియ్యండి.

మన పిల్లలకిది కొత్తా?

ఇంగ్లీషువాళ్లకే ఈ చిక్కులన్నీ ఉన్నాయని అనుకోకండి. మన ‘పడు’ సంగతి చూడండి. ‘పడు’ అంటే కింద పడడం. కాని కనపడినవాడు కింద పడ్డాడా? భయపడినవాడు, కష్టపడినవాడు, సిగ్గుపడినవాడు ఎక్కడైనా పడ్డారా? ఆపదలోంచి బయటపడినవాడు పడనే లేదు, పైగా గట్టెక్కాడు! తెలుగు కొత్తగా నేర్చుకుంటున్న పరదేశి ‘పడు’ అర్థాన్ని పట్టుకుని వీటన్నిటికీ అన్వయిస్తే ఎంత అవస్థ పడతాడో ఊహించండి. చూశారా, నేనిప్పుడు రాసిన ‘అవస్థ పడతాడు’ అన్నదాంట్లోనూ అదే ‘పడు’ ఉంది!

అలాగే ‘నీళ్లు నమిలాడు’ అంటే జవాబు చెప్పలేక తడబడ్డాడని. ‘కాళ్లకు బుద్ధి చెప్పాడు’ అంటే పారిపోయాడని. ఇవన్నీ మీకు ఎవరైనా పట్టికలు రాయించి నేర్పారా? లేదు. అమ్మా నాన్నా మాట్లాడుతుంటే, సందర్భంతో సహా విని నేర్చుకున్నారు. ఇంగ్లీషు జంటలనూ అలాగే సందర్భంతో సహా పట్టుకోవాలి.

ప్రయోగశాలలో తప్పనిసరి జంటలు

విజ్ఞానశాస్త్ర విద్యార్థికి తరచు ఎదురయ్యే కొన్నిటిని చూద్దాం.

1. గివ్ ఆఫ్: వెలువరించడం. జింకు ముక్కల మీద సజల హైడ్రోక్లోరికామ్లం పోస్తే ‘హైడ్రోజన్ ఈజ్ గివెన్ ఆఫ్’ అంటారు. హైడ్రోజన్ వెలువడుతుందన్నమాట. ‘ఆఫ్’కు బదులు ‘అప్’ రాస్తే జింకు హైడ్రోజన్‌ను మానుకున్నట్టవుతుంది! ‘గివ్ ఇన్’ అంటే లొంగిపోవడం. ‘గివ్ అవే’ అంటే ఊరికే ఇచ్చేయడం, లేదా రహస్యాన్ని బయటపెట్టడం.

2. క్యారీ అవుట్: నిర్వహించడం. ‘క్యారీ అవుట్ ది ఎక్స్‌పెరిమెంట్’ అంటే ప్రయోగం చెయ్యమని. పరికరాలను వరండాలోకి మోసుకుపోనక్కరలేదు.

3. సెటప్: అమర్చడం. స్టాండు, క్లాంపు, ఫ్లాస్కు, గొట్టం వీటిని బొమ్మలో చూపినట్టు బిగించడం.

4. పుట్ అవుట్: ఆర్పడం. ‘పుట్ అవుట్ ది ల్యాంప్’ అన్నప్పుడు మండుతున్న సారాయి దీపాన్ని తీసుకెళ్లి బయట పెట్టారనుకోండి, దారిలో ఎవరి చొక్కా అయినా అంటుకోవచ్చు. దీపం దగ్గరే నిలబడి మూత పెడితే చాలు. గాలి అందక మంట ఆరిపోతుంది. అన్నట్టు ‘పుట్ ఆన్’ అంటే ధరించడం, ‘పుట్ ఆఫ్’ అంటే వాయిదా వేయడం, ‘పుట్ అప్ విత్’ అంటే ఓర్చుకోవడం.

5. లుక్ అవుట్: జాగ్రత్త! ఎవరైనా ఇలా అరిస్తే కిటికీలోంచి బయటకు చూస్తూ నిలబడకండి. చప్పున పక్కకు తప్పుకుని, ప్రమాదం ఎక్కడుందో చూడండి.

6. బ్రేక్ డౌన్: బస్సు విషయంలో చెడి ఆగిపోవడం. జీవశాస్త్రంలో పెద్ద అణువులు చిన్నవిగా విడిపోవడం. అన్నాన్ని బాగా నమిలితే కాసేపటికి తియ్యగా ఉంటుంది. లాలాజలంలోని అమైలేజ్ అనే ఎంజైము పిండిపదార్థాన్ని ‘బ్రేక్ డౌన్’ చేసి చక్కెరగా మారుస్తుంది కాబట్టి ఆ తీపి.

7. గో ఆఫ్: ఇది అన్నిటికన్నా తమాషా అయినది. ‘ది లైట్స్ వెంట్ ఆఫ్’ అంటే దీపాలు ఆరిపోయాయి. ‘ది అలారం వెంట్ ఆఫ్’ అంటే గంట మోగింది! ఒకటి ఆగిపోయింది, రెండోది మొదలైంది. తుపాకి ‘గో ఆఫ్’ అయితే పేలినట్టు, పాలు ‘గో ఆఫ్’ అయితే విరిగినట్టు. ఏ వస్తువు గురించి మాట్లాడుతున్నారో చూడకుండా అర్థం చెప్పడానికి వీల్లేదని దీనివల్ల తెలుస్తోంది.

మరి ఈ చిన్న మాటల్లో ఒక క్రమమంటూ లేదా? కొంత ఉంది. ‘ఆఫ్’ చాలాచోట్ల విడిపోవడాన్ని చెబుతుంది. ‘బాయిల్ ఆఫ్’ అంటే మరిగించి ఆవిరిగా పంపేయడం, ‘కట్ ఆఫ్’ అంటే తెగ్గొట్టడం, విమానం ‘టేక్ ఆఫ్’ అంటే నేలను విడవడం. ‘అప్’ చాలాచోట్ల పూర్తికావడాన్ని చెబుతుంది. ‘యూజ్ అప్’ అంటే పూర్తిగా వాడేయడం, ‘డ్రై అప్’ అంటే పూర్తిగా ఎండిపోవడం, ‘ఫిల్ అప్’ అంటే నిండా నింపడం. నన్ను ముంచిన ‘మేకప్ టు’లో ఉన్నదీ ఈ ‘అప్’ే! అయితే వీటిని సూత్రాలుగా కాక ఆనవాళ్లుగానే తీసుకోండి. ఆనవాలు దారి చూపుతుంది, ఊరు చేర్చేది మాత్రం నిఘంటువే.

మాట వెనక ఒక వస్తువు

ఇక జాతీయాల సంగతి. ఇవి ఇంకాస్త పెద్ద సంయోగ పదార్థాలు. కొన్ని జాతీయాల వెనక ఒక పరికరమో ప్రయోగమో దాగి ఉంటుంది. ఆ వస్తువు పనిచేసే తీరు తెలిస్తే అర్థాన్ని బట్టీ పట్టనక్కరలేదు.

యాసిడ్ టెస్ట్: కంసాలి దగ్గర నల్లటి గీటురాయిని చూశారా? దానిమీద నగను రుద్దితే సన్నని చార పడుతుంది. ఆ చార మీద నత్రికామ్లం చుక్క వేస్తే, ఇత్తడిదో రాగిదో అయితే కరిగి మాయమవుతుంది. మేలిమి బంగారం చార చెక్కుచెదరదు. నత్రికామ్లం ఒక్కటే బంగారాన్ని కరిగించలేదు. అందుకే అసలు విలువను తేల్చే గట్టి పరీక్షను ఇంగ్లీషులో ‘యాసిడ్ టెస్ట్’ అంటారు. ‘స్నేహానికి కష్టకాలమే గీటురాయి’ అని మనం అంటాం గదా? ఒకే కంసాలి పని నుంచి వాళ్లు ఆమ్లాన్ని తీసుకున్నారు, మనం రాయిని తీసుకున్నాం! ఇంగ్లీషులో కూడా గీటురాయికి ‘టచ్‌స్టోన్’ అనే మాట ఉంది. దాన్నీ ఇదే అర్థంలో వాడతారు. ఈ ఆమ్లపు పరీక్ష మాత్రం ఇంట్లో చెయ్యకండి. నత్రికామ్లం చర్మాన్ని కాల్చేస్తుంది.

లెట్ ఆఫ్ స్టీమ్: ఆవిరిని బయటకు వదలడం. ఫ్రెంచివాడైన డెనిస్ పాపిన్ 1679లో గట్టి మూత బిగించే వంటపాత్రను తయారుచేశాడు. మన ప్రెషర్ కుక్కరుకు అదే తాత. లోపల పీడనం పెరిగితే పాత్ర పేలిపోయే ప్రమాదముంది. అందుకని ఆవిరిని బయటకు వదిలే రక్షక కవాటాన్ని కూడా ఆయనే అమర్చాడు. తరవాత వచ్చిన ఆవిరి యంత్రాలకూ రైలింజన్లకూ ఆ కవాటమే ప్రాణాధారమైంది. మనిషిలోనూ కోపం, చిరాకు అణిగి ఉంటే పీడనం పెరుగుతుంది. ఎవరితోనైనా చెప్పుకుని, లేదా మైదానంలో కాసేపు పరుగెత్తి వాటిని తగ్గించుకోవడమే ‘లెట్ ఆఫ్ స్టీమ్’. పరీక్షల రోజుల్లో మీకూ ఇది అవసరమే. ‘రన్ అవుట్ ఆఫ్ స్టీమ్’ అంటే మాత్రం ఆవిరి అయిపోయిన ఇంజనులాగా ఉత్సాహం ఉడిగి ఆగిపోవడం. ‘బ్లో ఎ ఫ్యూజ్’ అంటే ఫ్యూజు తీగ కరిగినట్టు ఒక్కసారిగా మండిపడడం.

ఫ్లాష్ ఇన్ ది పాన్: పాన్ అనగానే పెనమో మూకుడో అనుకుంటాం. ఇది వంటింటిది కాదు, పాతకాలపు తుపాకీది. చెకుముకి తుపాకీకి పక్కన చిన్న దొన్నెలాంటి భాగం ఉండేది. దాని పేరు పాన్. అందులో కాస్త మందు పోసేవారు. మీట నొక్కితే చెకుముకిరాయి ఉక్కుకు తగిలి నిప్పురవ్వ పుట్టి, ఆ కాస్త మందు అంటుకునేది. ఆ మంట చిన్న రంధ్రం గుండా గొట్టంలోని అసలు మందును చేరితేనే గుండు బయటకు దూసుకుపోయేది. ఒక్కోసారి పాన్‌లో భగ్గుమని వెలుగు, ఆపైన ఏమీ ఉండేది కాదు. ఒక్కసారి మెరిసి, మళ్లీ కనిపించకుండా పోయే విజయాన్ని ఇలా అంటారు. మన ‘మూణ్ణాళ్ల ముచ్చట’ దీనికి దగ్గరగా ఉంటుంది. ఒక్క యూనిట్ పరీక్షలో మొదటి మార్కు తెచ్చుకుని, ఆ తరవాత పుస్తకం ముట్టనివాడి విజయం ఇలాంటిదే సుమా!

టిప్ ఆఫ్ ది ఐస్‌బర్గ్: సముద్రంలో తేలే మంచుకొండ కొన. మంచు సాంద్రత 0.917. సముద్రపు నీటి సాంద్రత దాదాపు 1.025. మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. దాదాపు 0.9 వస్తుంది. అంటే ఆర్కిమెడీస్ సూత్రం ప్రకారం మంచుకొండలో పదింట తొమ్మిది వంతులు నీళ్లలోనే ఉంటాయి. కనిపించేది ఒక్క వంతే! 1912 ఏప్రిల్ 14 రాత్రి టైటానిక్ ఓడ ఇలాంటి మంచుకొండనే ఢీకొని కొన్ని గంటల్లో మునిగిపోయింది. 1,500 మందికి పైగా మరణించారు. పెద్ద సమస్యలో పైకి కనిపించే చిన్న భాగాన్ని ‘టిప్ ఆఫ్ ది ఐస్‌బర్గ్’ అంటారు. మన తీరాన మంచుకొండలు లేవు కాబట్టి ఇలాంటి జాతీయం మనలో పుట్టలేదు. ఏ జాతి నుడికారమైనా ఆ జాతి చూసిన వస్తువుల్లోంచే గదా పుట్టేది!

క్వాంటం లీప్: దీనితో కాస్త జాగ్రత్త. పత్రికలు దీన్ని ‘బ్రహ్మాండమైన ముందడుగు’ అనే అర్థంలో వాడతాయి. భౌతికశాస్త్రంలో ఇది పరమాణువులోని ఎలక్ట్రాన్ ఒక శక్తిస్థాయి నుంచి ఇంకో స్థాయికి మారడం. పరమాణువు వ్యాసం సుమారు మీటరులో వెయ్యికోట్ల వంతు. అందులో జరిగే గెంతు ఎంత చిన్నదో ఆలోచించండి! మధ్యలో మెట్లు లేకుండా ఒక్కసారిగా మారడమే దాని ప్రత్యేకత. మామూలు మాటల్లోకి వచ్చాక ఆ గెంతు చిన్నదన్న సంగతి మరుగునపడిపోయింది. కాబట్టి సైన్సు పరీక్షలో సైన్సు అర్థం, వ్యాసంలో జాతీయం అర్థం రాయాలి. రెండూ కలిపేయకూడదు.

కథలన్నీ నమ్మవద్దు

జాతీయాల పుట్టుక గురించి బోలెడు కథలు ప్రచారంలో ఉన్నాయి. జోరుగా వాన పడుతుంటే ‘రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్’ అంటారు. పూర్వం పిల్లులూ కుక్కలూ గడ్డి కప్పుల్లో పడుకునేవనీ, వానకు జారి కింద పడేవనీ, అందుకే ఆ మాట వచ్చిందనీ ఒక కథ. వినడానికి బాగానే ఉంది. ఆధారం మాత్రం లేదు. అసలు కుక్క ఇంటికప్పు ఎక్కి పడుకుంటుందా? ఆపాటి ప్రశ్న వేసుకున్నా చాలు. ప్రయోగంలో రుజువడిగే మనం మాటల కథల్లోనూ రుజువడగాలి. పుట్టుక తెలియకపోయినా ‘కుండపోతగా కురవడం’ అనే అర్థం తెలిస్తే మాటను వాడుకోవచ్చు.

మీరూ చేసి చూడండి

ఒక నోటుపుస్తకం తీసుకుని పేజీకి నాలుగు నిలువు గళ్లు గియ్యండి. మొదటి గడిలో మీకు ఎదురైన జంట, రెండో గడిలో మాటమాటకూ వచ్చే అర్థం, మూడో గడిలో నిఘంటువు చెప్పిన అర్థం, నాలుగో గడిలో మీరు చదివిన వాక్యం రాయండి. రెండో గడీ మూడో గడీ ఎంత దూరంగా ఉంటే అది అంత గట్టి సంయోగ పదార్థం. నిఘంటువులో వీటిని ఎక్కువగా క్రియ కిందే ఇస్తారు. ‘గివ్ ఆఫ్’ కావాలంటే ‘గివ్’ దగ్గర వెతకాలి. రోజుకు ఒక్కటి చాలు, ఏడాదికి 365 అవుతాయి.

ఇప్పుడు ఈ నాలుగు వాక్యాలకూ అర్థం చెప్పండి చూద్దాం. జవాబులు కిందనే ఉన్నాయి. ముందు మీరు రాసుకున్నాకే చూడండి.

అ) వియ్ రాన్ అవుట్ ఆఫ్ లిట్మస్ పేపర్.
ఆ) షి పాయింటెడ్ అవుట్ ది ఎర్రర్.
ఇ) టర్న్ డౌన్ ది ఫ్లేమ్.
ఈ) దె టర్న్‌డ్ డౌన్ ది ప్లాన్.

జవాబులు: అ) మా దగ్గర లిట్మస్ కాగితం అయిపోయింది. ఆ) ఆమె తప్పును ఎత్తి చూపింది. ఇ) మంట తగ్గించు. ఈ) వారు ఆ పథకాన్ని తిరస్కరించారు.

చివరి రెండూ ఒకే జంట. మంట విషయంలో తగ్గించడం, పథకం విషయంలో తిరస్కరించడం. ‘గో ఆఫ్’ నేర్పిన పాఠమే ఇక్కడా పనికొచ్చింది.

నేను టీచరునయ్యాక, ద్రావణాలు తయారుచేసే రోజున ముందుగా నల్లబల్ల మీద ‘మేకప్ టు’ అని రాసి, దానికి అర్థమేమిటని పిల్లల్ని అడుగుతాను. ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు ‘ముఖానికి రంగు’ అంటారు. క్లాసంతా నవ్వుతుంది. నేనూ నవ్వి, నా 13 మి.లీ. కథ చెబుతాను. తెలియని జంట ఎదురైనప్పుడు ఊహించి పని మొదలుపెట్టడం కన్నా, చెయ్యెత్తి అడగడం మేలు. అడిగినవాడి ద్రావణం ఫ్లాస్కు గీత దగ్గర ఆగుతుంది. అడగనివాడు నాలాగే పెద్ద బీకరు వెతుక్కుంటాడు!